ఇంటి సౌండ్ పాఠాలు – 4: అప్‌గ్రేడ్‌కి ఎంత పెట్టాలి, యాడ ఆగాలి

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను కదా, వారం పాటు ఒక నోటుబుక్కు పక్కన పెట్టుకోని రోజూ ఎంతసేపు పాటలు విన్నారో, వింటా ఉంటే ఏది ఇబ్బందిగా అనిపించిందో రాయమని. రాసినోళ్ళు ఆ కాగితం ముందర పెట్టుకోండి. రాయనోళ్ళు ఈడ ఆగి ఒక వారం రాసుకోని రండి, నిజంగానే చెప్తున్నా, ఈ రోజు వేసే లెక్క అంతా ఆ కాగితంలో నుంచే తీయాలి.

ముందు ఇబ్బంది సంగతి. చాలామంది "సౌండ్ బాలేదు" అని రాసుంటారు, అది సరిపోదు. డాక్టర్ దగ్గరికి పోయి ఒంట్లో బాలేదు అంటే ఆయన ఏం మందు ఇస్తాడు, యాడ నొప్పి అని అడుగుతాడు కదా, అట్టనే. పాటలో మాటలు తేటగా లేవా, బేస్ (డోలు లాంటి అడుగు శబ్దం) గుయ్‌మని ఒకే చోట మోగుతుందా, వాల్యూమ్ పెంచితే పగులుతుందా, ఒక పక్క తక్కువగా వస్తుందా, పాట ఆపినా గుర్రుమని హమ్ వస్తుందా, వీటిలో ఏదో తేల్చండి. ఒక్కోదానికి మందు వేరు, ఖర్చు వేరు. హమ్ వస్తుంటే చాలాసార్లు ఎర్తింగ్ దగ్గరో ఇన్వర్టర్ దగ్గరో ఉంటది తప్పు, కరెంట్ పని చేసే మనిషిని పిలిస్తే తేలిపోవచ్చు, దానికి ఆంప్లిఫయర్ (స్పీకర్లకి బలం ఇచ్చే డబ్బా) మార్చబాకండి. ఒక పక్క తక్కువైతే వైర్లు ఎడమది కుడికి కుడిది ఎడమకి మార్చి చూడండి, లోపం ఇంకో పక్కకి మారితే స్పీకర్ బాగుంది, తప్పు వెనకాల ఉన్నట్టు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళు వైరు బిగించే చోట పచ్చగా చిలుము పట్టిందేమో కూడా చూసుకోవాలి, ఉప్పు గాలికి అది మామూలే, తుడిచి మళ్ళీ బిగిస్తే సరి.

మాటలు తేటగా లేవు అనే ఇబ్బంది గురించి మాత్రం నేను కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా డబ్బులు పోయింది దానిమీదే. ఒంగోల్లో మేము కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు హాలు మొత్తం చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేయించాం, మన వైపు అది మామూలే కదా, పైన స్లాబు, ఒక గోడకి పెద్ద గాజు కిటికీలు, సామాను కూడా ఇంకా రాలేదు. పాత ఇంట్లో బాగా పాడిన స్పీకర్లు ఈడికి వచ్చేసరికి గొంతు అంతా పాతరలో నుంచి వచ్చినట్టు అయిపోయింది. ఒక షాపులో అడిగితే హాలు పెద్దది, మీకు వాట్స్ చాలట్లేదు అన్నారు, నేనూ నమ్మి 28 వేలు పెట్టి పెద్ద ఆంప్లిఫయర్ తెచ్చాను, అదే గొంతు, అదే పాతర, కాకపోతే ఇంకా గట్టిగా. మూడు నెలల తర్వాత ఇంట్లో ఫంక్షన్ ఉండి చుట్టాలు వస్తే మా అమ్మ హాలు నిండా జంపఖానాలు, పరుపులు, బొంతలు పరిచింది, ఆ రాత్రి సన్నగా పాట పెడితే ఒక్కో మాట విడివిడిగా వినపడింది, నేను లేచి కూర్చున్నా. నేల, గోడలు, గాజు అన్నీ గట్టివే కాబట్టి శబ్దం ఒకదాని మీద నుంచి ఒకదాని మీదకి కొట్టుకోని ఒక మాట తోక ఇంకో మాట మీద పడతా ఉండింది, పరుపులు ఆ తోకని మింగేశాయి. అంతే జరిగింది.

మీ హాల్లో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పట్ల తర్వాత ట్రింగ్‌మని సన్నగా ఏదన్నా మిగిలితే మీరు ముందు కొనాల్సింది జంపఖానా, మందం కర్టెన్లు. పుస్తకాల బీరువా ఉంటే ఎదురు గోడకి పెట్టండి. స్పీకర్లని మూలల్లోంచి ముందుకి లాగి, ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) మీ చెవి ఎత్తుకి వచ్చేట్టు పెట్టి, రెండు స్పీకర్లు, మీరు కూర్చునే కుర్చీ మూడూ సమానమైన త్రిభుజం అయ్యేట్టు చూసుకోండి. మూలలోంచి బయటికి రాగానే గుయ్‌మనే బేస్ కూడా చాలావరకు తగ్గుతుంది. ఇది అయ్యాకే డబ్బు మాట.

వాట్స్ భయం కూడా ఇక్కడే తీర్చేసుకుందాం. స్పీకర్ వెనకాలో కాగితం మీదో 87 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) అని ఉంటే, ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో అంత శబ్దం వస్తుందని అర్థం. మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే అది కొంత తగ్గుతుంది, గది కొంత తిరిగి ఇస్తుంది, రెండు స్పీకర్లు కలిసి ఇంకో 3 కలుపుతాయి, అంతా కలిపి సుమారు 83 అనుకోండి. ఇంట్లో హాయిగా వినేది 75 దగ్గర, అంటే ఒక్క వాట్ కూడా నిండుగా అక్కర్లేదు. డోలు దెబ్బ లాంటివి సగటు కంటే 20 డెసిబెల్స్ పైకి పోయినా, అప్పుడు కావాల్సింది 16 వాట్స్ చుట్టుపక్కల. ఆంప్లిఫయర్ వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్లు కావాలి. కాబట్టి నిజమైన 40, 50 వాట్స్ ఉన్నోళ్ళు దాన్ని 100 చేసుకునేదానికి డబ్బు పెట్టడం నాకైతే దండగ.

ఇప్పుడు కాగితంలో గంటలు చూడండి. కావలిలో మా మామ ఉన్నాడు, రిటైర్ అయినాడు, రోజూ మూడు గంటలు వింటాడు, ఏడాదికి వెయ్యి గంటల పైన. నెల్లూరు మాగుంట లేఔట్‌లో ఉండే మా తమ్ముడు వరస కుర్రోడు ఆదివారం ఒక నాలుగు గంటలు, అంటే ఏడాదికి రెండొందలు. ఇద్దరూ అయిదేళ్ళు వాడతారు అనుకోని 40 వేలు పెడితే మామకి గంట ఎనిమిది రూపాయలు పడింది, కుర్రోడికి నలభై పడింది. వస్తువు అదే, ధర అదే, కానీ కుర్రోడికి అయిదు రెట్లు ఖరీదు! మీకు గంటకి ఎంత ఇస్తే బాధ అనిపించదో మీరే అనుకోండి, నేను పది రూపాయలు అనుకున్నా, నాకు ఏడాదికి 400 గంటలు, అయిదేళ్ళు, కాబట్టి నా గీత, అంటే దాటకూడని ఖర్చు, 20 వేలు. పాతది అమ్మితే వచ్చేది దీనికి కలుపుకోవచ్చు. ఈ గీత షాపుకి పోకముందే రాసుకోవాలి, ఇంట్లో వాళ్ళకి చెప్పి రాసుకోవాలి, ఈఎంఐ కట్టాల్సి వస్తే మాత్రం ఆ గీత మీది కాదు, ఇంకొన్నాళ్ళు ఆగండి.

ఏళ్ళ లెక్కలో ఒక తేడా ఉంది. రబ్బర్ అంచు ఉండే మంచి స్పీకర్లు పది పదిహేనేళ్ళు పనిచేస్తాయి కాబట్టి వాటికి పదేళ్ళు వేసుకోవచ్చు, బ్లూటూత్, వైఫై డబ్బాలు తొందరగా పాతబడతాయి కాబట్టి వాటికి నాలుగేళ్ళ కంటే ఎక్కువ వేయబాకండి. అందుకే నేనైతే గీతలో సగం కంటే ఎక్కువ స్పీకర్లకే పెడతా, మనకి వినపడే తేడా కూడా అక్కడే ఎక్కువ. వైర్ సంగతి ఒక్క మాటలో చెప్తా, ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు అయిదు మీటర్లు లాగితే పోనూ రానూ కలిపి 0.12 ఓం దాకా అడ్డం ఉంటది, 8 ఓం స్పీకర్‌కి అది లెక్కలోకి రాదు.

ఈ లెక్క మామకి చెప్పి మీరు 50 వేలు పెట్టినా తప్పులేదు మామా అంటే ఆయన ఒప్పుకోలా. "నేను వినేది ఘంటసాలని రా అబ్బయ్యా, ఆ రికార్డుల్లో లేని బేస్ నా కొత్త స్పీకర్ యాడ నుంచి తెస్తాది" అన్నాడు. నిజమే కదా, ఆ కాలం పాటలు చాలావరకు మోనో, అంటే రెండు స్పీకర్లలో ఒకటే శబ్దం, అడుగు బేసూ పైన మెరుపూ తక్కువ, అందం అంతా గొంతు ఉండే మధ్యలోనే. మధ్య తేటగా పాడే చిన్న స్పీకర్లు 14 వేలకి తీసుకున్నాడు, గీతకి చాలా కింద ఆగాడు. గీత ఉందని అంతవరకు పోవాల్సిన పనిలేదు.

ఇక పోల్చి చూడటం. పాతదీ కొత్తదీ పక్కపక్కన వింటే గట్టిగా మోగేదే మనకి బాగున్నట్టు అనిపిస్తుంది, చెవి అంతే. అందుకని ఫోన్లో శబ్దం కొలిచే యాప్ పెట్టి కుర్చీ దగ్గర రెండూ ఒకే అంకె వచ్చేట్టు వాల్యూమ్ సరిచేయండి. తర్వాత మీరు చూడకుండా ఇంకొకరు పదిసార్లు మార్చి మార్చి పెట్టాలి, ఏది ఏదో మీరు రాయాలి. పదిలో అయిదారు సరిగ్గా వస్తే అది బొమ్మా బొరుసే, తొమ్మిది వస్తే తేడా ఉందని నేను ఒప్పుకుంటా. వినేదానికి మీ మనసుకి బాగా తెలిసిన గొంతు పెట్టండి, మన నెల్లూరోళ్ళకి బాలు గొంతు కంటే తెలిసింది ఏముంటది. వాద్యం కావాలంటే మన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం పెట్టండి. నాదస్వరం పెళ్ళిలోనో గుడి ఉత్సవంలోనో మైకు లేకుండా దగ్గరగా విని ఉంటారు కాబట్టి అసలు శబ్దం మీ చెవికి గుర్తు ఉంటది, స్పీకర్ దాన్ని కీచుమనిపిస్తే వెంటనే పట్టేస్తారు. హై రిజల్యూషన్ ఫైళ్ళ అంకెలకి మాత్రం అదనంగా ఇవ్వబాకండి, సీడీలో ఉండే 44.1 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచినట్టు, అది దాంట్లో సగం, 22 వేల హెర్ట్జ్ దాకా మోస్తుంది, పడుచు చెవి వినేదే 20 వేలు, వయసు పెరిగేకొద్దీ అది కిందికి దిగుతుంది.

ఈ వారం పని: చప్పట్లు కొట్టి గది సంగతి రాయండి, స్పీకర్లు జరిపి రెండు రోజులు వినండి, అప్పటికీ ఇబ్బంది మిగిలితే గంటలు, ఏళ్ళు, గంట ధర గుణించి గీత వేయండి. వచ్చే పాఠంలో పాత స్పీకర్లు కొనేటప్పుడు కోన్ అంచు ఫోమ్ పొడి పొడి అయిందో లేదో వేలితో ఎట్ట చూడాలో చెప్తా, 20 వేల లోపల గీత పడినోళ్ళకి అది బాగా పనికొస్తుంది.