అలాయ్ వీల్స్, టైర్లు మార్చే ముందు చూసుకోవాల్సినవి

స్పోర్ట్స్ సెడాన్‌కి పెద్ద చక్రాలు వేయించాలనుకుంటే, డబ్బు కట్టకముందే ఇవి చూసుకోండి.

– పీసీడీ (బోల్టు రంధ్రాలు ఉండే వృత్తం వ్యాసం): 5×112, 5×114.3 (ఐదు బోల్టులు, 112 లేదా 114.3 మి.మీ. వృత్తం) కంటికి ఒకేలా కనిపిస్తాయి. బలవంతంగా బిగిస్తే బోల్టులు సరిగ్గా కూర్చోవు. పరుగులో వదులవుతాయి, విరగనూ వచ్చు. "దాదాపు సరిపోతుందిలే" అన్న మాట ఇక్కడ అస్సలు వినొద్దు.

– లోడ్ ఇండెక్స్ (ఒక్కో టైరు మోయగల బరువును సూచించే అంకె): పాత టైరుది 94 (670 కిలోలు) అయితే 91 (615) వద్దు.

– ఆఫ్‌సెట్ (చక్రం బిగించే తలం రిమ్ మధ్య రేఖ నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత): తప్పితే టైరు సస్పెన్షన్‌కో ఫెండర్‌కో (చక్రం పైన ఉండే బాడీ రేకు) రాసుకుంటుంది. నలుగురిని కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి.

– మొత్తం ఎత్తు: 225/45 ఆర్17 (వెడల్పు 225 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ 17 అంగుళాలు) స్థానంలో 225/40 ఆర్18 వేస్తే తేడా అర శాతంలోపే. ఈ తేడా పెరిగేకొద్దీ స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది.

– బ్రేక్ క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగం): రిమ్ పెద్దదైనా స్పోక్ దీనికి తగలొచ్చు. ముందు ఒక్క చక్రం బిగించి చేత్తో తిప్పండి.