ఎండలు ముదరకముందే: కిడ్నీలో రాళ్లు కట్టకుండా జాగ్రత్తలు

చినగంజాం వైపు ఉప్పు మడులు చూసే ఉంటారు. ఉప్పునీటిని మడుల్లో పారించి ఎండకు వదిలేస్తారు. నీరు ఇగిరేకొద్దీ ద్రావణం చిక్కబడి, సంతృప్తమయ్యాక మిగతా ఉప్పు పలుకులు కడుతుంది. వేసవిలో కిడ్నీలోనూ జరిగేది ఇదే. నీరంతా చెమటగా పోయి, కాస్త మూత్రంలోనే లవణాలన్నీ ఇరుక్కుంటాయి.

ఎక్కువ రాళ్లు కాల్షియం ఆక్సలేట్‌వి, అంటే కాల్షియం, ఆక్సలేట్ కలిసి కట్టే లవణం. లీటరు నీటిలో వంటుప్పు 350 గ్రాములు కరుగుతుంది, ఇది 10 మిల్లీగ్రాములు కూడా కరగదు. మూత్రంలో సిట్రేట్ (నిమ్మ పులుపులో ఉండేదే) ఉండబట్టి ఇంకాస్త కరిగి ఉంటుంది. నిమ్మరసం తాగమనేది అందుకే, కానీ అందులో ఉప్పు వేసుకోకండి.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున నాకు నడుము పక్కన నొప్పి మొదలై గజ్జల్లోకి దిగింది. నిలబడలేను, పడుకోలేను. నాలుగో రోజు పడిన రాయి కందిగింజలో సగం లేదు, ఒళ్లంతా పల్లేరుకాయలా ముళ్లు. అప్పటిదాకా నేను నీళ్లు గ్లాసుల్లో లెక్కపెట్టేవాణ్ణి. లెక్క చూడాల్సింది బయటికి వచ్చేది: రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. రంగు ముదురు పసుపైతే నీళ్లు చాలనట్టే. రాత్రి మూత్రం ఇంకా చిక్కబడుతుంది కాబట్టి పడుకోబోయే ముందు ఒక గ్లాసు తాగండి. గుండె జబ్బుకో కిడ్నీ జబ్బుకో నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే మాత్రం డాక్టర్ని అడగకుండా పెంచొద్దు.

రాయిలో కాల్షియం ఉంది కదా అని పెరుగు మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. భోజనంతో తిన్న కాల్షియం ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టేసి విరేచనంలో పంపేస్తుంది. పాలకూరలో ఆక్సలేట్ ఎక్కువ కాబట్టి ఆ పప్పు వండిన రోజు పెరుగన్నం తప్పకుండా తినండి. తగ్గించాల్సింది ఉప్పు. అది ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది. కొత్తావకాయ వచ్చేది కూడా సరిగ్గా ఈ ఎండల్లోనే, కాబట్టి ముద్ద ముద్దకీ నంజుకోకండి. టమాటా గింజలు రాళ్లవుతాయన్నది అపోహే. రాళ్లకు బీరు మందు కాదు. విటమిన్ సి మాత్రలు సొంతంగా రోజూ మింగొద్దు.

నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా కొండపిండాకు కషాయం, ఉలవ నీళ్లు అంటూ ఇంట్లో ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.