సీఎన్‌సీ రౌటర్‌తో గోడ ప్యానెల్ మీద అలల టెక్స్చర్

సీఎన్‌సీ రౌటర్ అంటే కంప్యూటర్ నడిపే చెక్కుడు మెషీన్. దానికిచ్చే డిజైన్‌ని గ్రేస్కేల్ (నలుపు-తెలుపు ఛాయల) బొమ్మగా చేయండి: తెలుపు ఎత్తు, నలుపు లోతు. 16 బిట్ పీఎన్‌జీగానే సేవ్ చేయాలి. 8 బిట్‌లో 256 మెట్లే ఉంటాయి, 8 మి.మీ. లోతుకి ఒక్కో మెట్టు 0.03 మి.మీ. పడి, వాలు తక్కువున్న చోట గ్లాసీ పెయింట్ వేశాక గీతలు తేలతాయి. జేపీజీ అసలొద్దు.

18 మి.మీ. ఎండీఎఫ్‌ని (చెక్క పీచుని నొక్కి చేసిన బోర్డు) ముందు ఫ్లాట్ బిట్‌తో 0.5 మి.మీ. వదిలి రఫ్ కట్ చేసి, 6 మి.మీ. బాల్‌నోస్‌తో (గుండ్రటి మొన ఉన్న బిట్) ఫినిషింగ్ ఇవ్వండి. స్టెప్‌ఓవర్, అంటే పక్కపక్క గాట్ల మధ్య దూరం, 0.6 మి.మీ. పెడితే గాట్ల మధ్య గట్టు 0.015 మి.మీ.; 1.5 పెడితే దాదాపు 0.1, చేత్తో తడిమితే తెలిసిపోతుంది. టైమ్ మిగులుతుందని ఆశపడొద్దు, అదంతా శాండింగ్‌కే పోతుంది.

విశాఖలో అసలు బెడద సముద్రపు తేమ. చెక్కాక బయటపడ్డ పీచు దాన్ని ఇట్టే పీల్చి ఉబ్బుతుంది. కోసిన రోజే పీయూ (పాలీయూరిథేన్) సీలర్ కొట్టి, ఆరాక 320 పేపర్‌తో రుద్ది, మళ్లీ కొట్టండి. వెనకవైపు కూడా తప్పనిసరి. ఒక్క ముఖానికే వేస్తే ప్యానెల్ వంగిపోతుంది.