తాతగారి ఫారిన్ పిస్తోలు బెంగళూరు ఇంట్లో బయటపడితే

ముందు ట్రిగ్గర్ జోలికి వెళ్లకండి. మ్యాగజీన్ (పిడిలో దూరే తూటాల పెట్టె) లాగేస్తే ఖాళీ అయిపోయినట్టు కాదు, ఛాంబర్‌లో, అంటే తూటా పేలే అరలో, ఒకటి ఉండిపోవచ్చు. సంచిలో వేసుకుని బీఎంటీసీ బస్సెక్కకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌కి ఫోన్ చేయండి. లైసెన్సుదారు పోయాక ఆయుధాన్ని జాప్యం లేకుండా స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలని 1959 ఆయుధ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు పుస్తకం దగ్గర పెట్టుకోండి. లైసెన్సు అనంతపురంలోనో చిత్తూరులోనో ఇచ్చినదైతే చెల్లుబాటు ప్రాంతం ఏమని రాశారో చూడండి.

రసీదులో తయారీ, బోరు (గొట్టం లోపలి కొలత), నంబరు మూడూ ఉండాలి. తప్పు జరిగేది నంబరు దగ్గరే. స్లైడు (పిస్తోలు పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) మీద '7.65 1914 మోడల్ ఆటోమేటిక్ పిస్టల్' అని ఉంటే 1914 సీరియల్ నంబరు కాదు, మోడల్ పేరు. పుస్తకంలో ఉన్న నంబరుతో సరిపోల్చుకున్నాకే సంతకం పెట్టండి.

ఆ రాత ఉన్నవి ఎక్కువగా స్పెయిన్‌లోని ఐబార్ సరుకు, బ్రౌనింగ్ అనే పేరున్న పిస్తోలుకి నకళ్లు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైన్యం 'రూబీ' పిస్తోళ్లు అడిగితే గాబిలోండో కంపెనీ ఒక్కటే అందించలేకపోయింది, ఐబార్‌లోని చిన్నాచితకా వర్క్‌షాపులు చాలా చేశాయి. అందుకే ఒకరి మ్యాగజీన్ ఇంకొకరి పిస్తోలులో సరిగా కూర్చోదు. పిడి దగ్గర, మ్యాగజీన్ అడుగున రెండక్షరాల ముద్ర ఉంటుంది. రెండుచోట్లా ఒకటే ఉంటే జత కలిసినట్టు. కోడిగుడ్డు ఆకారంలో 'ఈఎల్‌జీ' ముద్ర కనిపిస్తే అది బెల్జియంలోని లీజ్‌లో పరీక్ష అయిన సరుకు.

అమెరికా 1968 చట్టంతో చవక పిస్తోళ్ల దిగుమతిని అడ్డుకుంది. జర్మనీకి చెందిన రోమ్ కంపెనీ ఊరుకుందా? మయామీలోనే రివాల్వర్లు బిగించడం మొదలుపెట్టింది. వాటిలో చాలావాటి ఫ్రేము జింకు మిశ్రమం, అయస్కాంతం అంటదు.

మన దగ్గర కథ తిరగబడింది. 1980ల మధ్యలో దిగుమతులకు తలుపు మూసుకోవడంతో పాత ఫారిన్ సరుకు లక్షల్లో పలుకుతోంది. ధర చూసి నాణ్యత అనుకోకండి, ఐబార్ నకలు నకలే.

ఉంచుకోవాలంటే వారసుడి పేరున వేరే లైసెన్సు కావాలి. బెంగళూరు నగరంలో పోలీసు కమిషనర్‌కి దరఖాస్తు చేయాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండే తుపాకులు, లైసెన్సు గడువు 5 ఏళ్లు. పాయింట్ 32 (పైన చెప్పిన 7.65 మిల్లీమీటర్లదే) అయితే ఈ దారి సరిపోతుంది. పాత వెబ్లీ రివాల్వర్ పాయింట్ 455 అయితే నిషిద్ధ బోరు, అంటే మామూలు లైసెన్సు మీద ఇవ్వని కొలత, ఫైలు ఢిల్లీ హోంశాఖ దాకా వెళ్లాల్సిందే.