హెచ్‌ఐవీ, కుటుంబ నియంత్రణ పాలసీని కాగితం దాటించడం ఎలా

పాలసీ మార్చాలనుకునేవాళ్లు మొదట పాత పాలసీ కాగితాలు ముందేసుకుంటారు. మీరు అలా చేయకండి. ముందు ఒక రోజంతా ఆరోగ్య కేంద్రంలో గడపండి. ఏఆర్‌టీ మందుల (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) కోసం వచ్చిన ఒక మహిళ ఒప్పుకుంటే ఆమె వెంటే ఉండండి. మందులు ఒక గదిలో, ఒక కార్డు మీద ఇస్తారు, మూడు నెలల గర్భనిరోధక ఇంజెక్షన్ మాత్రం ఇంకో గదిలో, ఇంకో కార్డు మీద, చాలాచోట్ల ఇంకో రోజున. ఆ రెండో రోజుకి కూలి పోతుంది, దారిఖర్చు మళ్లీ పెట్టుకోవాలి, ఇంట్లో ఏదో ఒకటి చెప్పాలి, అందుకని ఆమె రాదు. ఎక్కడ ఎంతసేపు కూర్చుందో, ఎవరు ఏం అడిగారో, ఏం అడగకుండా వదిలేశారో టైంతో సహా రాసుకోండి.

ఇప్పుడు పాలసీ తీయండి. "రెండు సేవలనూ అనుసంధానం చేయాలి" అనే వాక్యం ఎక్కడో ఒకచోట ఉంటుంది, దాన్ని చూసి తృప్తిపడొద్దు. ఆ పని ఎవరు చేయాలి, డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది, ఏ రిజిస్టర్‌లో రాయాలి అన్నది దాని కింద ఉందా అని చూడండి. ఎవరు చేయొచ్చన్న చిన్న అనుమతే ఒక్కోసారి పెద్ద అడ్డు తీసేస్తుంది. ఆఫ్రికా దేశమైన మలావీ 2008లో గ్రామస్థాయి ఆరోగ్య సహాయకులు కూడా ఆ గర్భనిరోధక ఇంజెక్షన్ ఇవ్వడానికి ఒప్పుకుంది.

అధికారులు ఆధారాలు అడుగుతారు. గర్భనిరోధకాల వల్ల హెచ్‌ఐవీ సోకే ముప్పు పెరుగుతుందా అని చూసిన ఎకో అధ్యయనం చూపించండి. ఆఫ్రికాలోని 4 దేశాల్లో 7,829 మంది మహిళలతో చేశారు, ఫలితాలు 2019లో వచ్చాయి. ఇంజెక్షన్, కాపర్ ఐయూడీ (గర్భాశయంలో పెట్టేది), ఇంప్లాంట్ (చేతి చర్మం కింద పెట్టేది) మధ్య హెచ్‌ఐవీ ముప్పులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కానీ నన్ను కుదిపేసింది ఇంకో అంకె: గర్భనిరోధకం కోసం వచ్చిన ఆ మహిళల్లో ఏడాదికి నూటికి దాదాపు నలుగురికి హెచ్‌ఐవీ సోకింది. అంటే పరీక్ష, కండోమ్, ప్రెప్ మాత్రలు (హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునేవి) కుటుంబ నియంత్రణ గదిలోనే దొరకాలి.

చికిత్స మార్గదర్శకాలు రాసే హెచ్‌ఐవీ, కుటుంబ నియంత్రణ విభాగాలు రెండింటినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు వాడే మహిళలో ఇంప్లాంట్ పనితనం తగ్గుతుంది, ఎవరికి వారు విడివిడిగా రాసుకుంటే ఈ ముక్క ఎవరి పుస్తకంలోనూ ఉండదు.

ఆ బల్ల దగ్గర హెచ్‌ఐవీతో జీవిస్తున్న మహిళలు కూడా ఉండాలి, అదీ ముసాయిదా పూర్తయ్యాక సంతకాలకు పిలవడం కాదు, మొదటి రోజు నుంచి. 2018లో డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు వల్ల పుట్టబోయే బిడ్డకు హాని ఉండొచ్చని బోట్స్‌వానా నుంచి అనుమానం రాగానే చాలా దేశాలు పిల్లల్ని కనే వయసు మహిళలకు ఆ మందు ఆపాయి లేదా పరిమితం చేశాయి. రువాండా రాజధాని కిగాలీలో సమావేశమైన, హెచ్‌ఐవీతో జీవిస్తున్న మహిళలు, వివరాలు చెప్పండి, ఎంచుకునేది మేమే అన్నారు. మరుసటి ఏడాది డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఆ మందును అందరికీ సిఫారసు చేసింది.

సమ్మతి గురించి ఒక్క పదం కూడా గోడమీద పిల్లిలా ఉండకూడదు. నమీబియాలో ముగ్గురు హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు సరైన సమ్మతి లేకుండా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారని 2014లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. సంతకాలు పురిటి నొప్పుల్లో తీసుకున్నవి. కాబట్టి నొప్పుల సమయంలో తీసుకున్న సంతకం చెల్లదని పాలసీలోనే రాయించండి.

ఇక డబ్బు. బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి పెడతామని ఆఫ్రికా దేశాలు 2001లో నైజీరియా రాజధాని అబుజాలో మాటిచ్చాయి, చాలావరకు ఆ దరిదాపుల్లోకి కూడా రాలేదు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు, బయటి డబ్బు మీదే నడిచే చాలా క్లినిక్‌లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అందుకే కండోమ్‌లకూ ఇంజెక్షన్లకూ ఏఆర్‌టీకీ సొంత బడ్జెట్‌లో పేరుతో సహా ఒక పద్దు పెట్టించాలి. బడ్జెట్ ప్రతిపాదనలు ఎప్పుడు పంపాలో కనుక్కుని, దానికి కొన్ని నెలల ముందే ఆర్థిక శాఖ తలుపు తట్టండి. గడువు దాటాక ఎంత మంచి వాదనైనా మరుసటి ఏడాదికే.

ఏడాది తర్వాత అదే కేంద్రానికి వెళ్లి, మళ్లీ ఒక మహిళ వెంట నడవండి. ఆమె చేతిలో ఎన్ని కార్డులున్నాయో చూడండి.