సినిమా మొదలవగానే టీవీ నల్లబడుతోందా? ముందు గోడలో వైరు సంగతి చూడండి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన ఇళ్ళలో హోం థియేటర్ అమరిక దాదాపు ఒకేలా ఉంటుంది. టీవీ గోడమీద, ఆంప్లిఫయరూ డిష్ బాక్సూ పక్క అలమరలో, మధ్యలో ప్లాస్టరింగు కింద పైపులో, బొమ్మనీ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డీఎంఐ వైరు. పాత టీవీ ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా ఉండదు. కొత్త 4కే టీవీ (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలది) వచ్చాకే ఫిర్యాదులు మొదలవుతాయి.

ఏ లక్షణం కనిపించినా మొదటి పరీక్ష ఒకటే. రెండు మీటర్ల మంచి వైరుతో, సినిమా వచ్చే బాక్సును (డిష్‌దైనా, నెట్‌దైనా) నేరుగా టీవీకి పెట్టండి. ఆంప్లిఫయర్ వద్దు, గోడ వైరు వద్దు. ఇబ్బంది పెట్టిన సినిమానే, అదే చోటు నుంచి మళ్ళీ వేయండి. అయిదు నిమిషాల పని ఇది. చాలామంది ఇది వదిలేసి టీవీని రీసెట్ కొడతారు, నెట్ వాడిని తిడతారు, కంపెనీకి కంప్లైంటు పెట్టి టెక్నీషియన్ కోసం వారం ఎదురుచూస్తారు. ఆ వచ్చినాయన చేసేదీ ఈ పరీక్షే.

పొట్టి వైరుతో కూడా 4కే హెచ్‌డీఆర్ రావడం లేదు

హెచ్‌డీఆర్ అంటే వెలుగునీడలు, రంగులు ఇంకా బాగా చూపే పద్ధతి. అది రాకపోతే చాలాసార్లు టీవీ సెట్టింగే కారణం. కొన్ని టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టు పాత పద్ధతిలోనే ఉంటుంది, మనమే మార్చాలి. శాంసంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’, ఎల్‌జీలో ‘డీప్ కలర్’, సోనీలో ‘ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్’ అని కనిపిస్తుంది. ఏ పోర్టుకి పెట్టారో దానికే ఆన్ చేయాలి.

మెనూ బాగుంటుంది, సినిమా మొదలవగానే తెర నల్లబడి మళ్ళీ వస్తుంది, లేదా తెల్లటి చుక్కలు మిణుకుమంటాయి

పొట్టి వైరుతో ఇది ఆగిపోతే తప్పు టీవీది కాదు, బాక్సు నుంచి టీవీ దాకా వైరు వెళ్ళే దారిది. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) బొమ్మకి సెకనుకి సుమారు 4.5 గిగాబిట్ల డేటా చాలు. 4కేలో సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే దాదాపు 18 కావాలి. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 కాలపు వైర్లు 10.2 గిగాబిట్లకే చేసినవి. 18 ఇచ్చే 2.0 ప్రమాణం వచ్చింది 2013 సెప్టెంబరులో. మరుసటి నెలలోనే గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటింది. ఆ తర్వాత ఇల్లు బాగుచేయిస్తూ వైరింగు వేయించుకున్నవాళ్ళ గోడల్లో ఉండేది చాలావరకు పాత రకమే.

"మొన్నటిదాకా బాగానే పనిచేసిందండీ" అంటారు. పనిచేస్తుంది మరి, డిష్ బాక్సు హెచ్‌డీ బొమ్మకి అది సరిపోయింది. గోడ మూసేముందు మిస్త్రీ పరీక్షించింది కూడా ఆ బాక్సుతోనే. ఇప్పటి 4కే బాక్సులో మెనూ తేలికైన మోడ్‌లో వస్తుంది. సినిమా మొదలవగానే బాక్సు హెచ్‌డీఆర్‌కి మారుతుంది, అక్కడ వైరు చేతులెత్తేస్తుంది. బాక్సు సెట్టింగులో 4కేనే ఉంచి 30 హెర్ట్జ్‌కి దించి చూడండి. నల్లబడడం ఆగితే తప్పు వైరు దారిదే, అనుమానమే అక్కర్లేదు.

ఇక అసలు దొంగ వేరే ఉంది. "గోడ వైరు మార్పించేశాను, డబ్బా మీద 48 జీబీపీఎస్ (సెకనుకి 48 గిగాబిట్లు) అని కూడా ఉంది, అయినా అంతే" అంటారు కొందరు. చూస్తే రెండు చివర్లలోనూ కొత్త వైరే. మధ్యలో ఎక్కడో డమ్మీ ప్లేటు వేసిన జంక్షన్ బాక్సు ఉంటుంది. దాన్ని విప్పితే లోపల వేలెడంత జాయింటు ముక్క, రెండువైపులా ప్లగ్గు దూరే సాకెట్టు, మార్కెట్లో అతి చవగ్గా దొరికేది. పైపులోంచి ప్లగ్గు దూరక, మిస్త్రీ రెండు వైర్లు తెచ్చి అక్కడ కలిపేస్తాడు. వైరు మీద ఉన్న సర్టిఫికెట్ ఆ వైరుకే, జాయింటుకి కాదు. తక్కువ వేగంలో జాయింటు ఉన్నట్టే తెలియదు. వేగం పెరిగేకొద్దీ సిగ్నల్ కొంత అక్కడ తగిలి వెనక్కి మళ్ళుతుంది, మిగిలింది టీవీకి చాలదు. టీవీ వెనక గోడకి బిగించే హెచ్‌డీఎంఐ ప్లేటు లోపలా ఇదే కథ.

పట్టుకోవడం కష్టం కాదు. రెండు చివర్లలో తొడుగు మీది అచ్చు చదవండి. పేరు, రంగు, లావు ఏది తేడాగా ఉన్నా మధ్యలో జాయింటు ఉన్నట్టే. అన్నీ ఒకేలా ఉన్నా సరే, దారిలో ఉన్న ప్రతి డమ్మీ ప్లేటూ విప్పండి. "జాయింటు లేదు బాబూ" అన్న మాట మీద ఆగకండి. వేసినవాడు వేరు, చెప్పేవాడు వేరు.

దూరం అయిదు మీటర్లలోపైతే ఒకే ముక్క అల్ట్రా హై స్పీడ్ వైరు (48 గిగాబిట్ల రకం) వేయండి, డబ్బా మీది క్యూఆర్ లేబుల్ స్కాన్ చేసి కొనండి. అంతకు మించితే, సిగ్నల్‌ని కాంతిగా మార్చి పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ. దాని ఒక చివర ‘సోర్స్’, ఇంకో చివర ‘డిస్‌ప్లే’ అని ఉంటుంది. తిరగేసి లాగితే బొమ్మే రాదు, మళ్ళీ అంతా బయటికి తీయాలి. లాగకముందే నేలమీద పరిచి, 4కే హెచ్‌డీఆర్ సినిమా వేసి చూడండి.

గోడ జోలికి పోలేమంటే ఇంకో దారి ఉంది. బాక్సును టీవీ వెనకే పెట్టి పొట్టి వైరుతో కలపండి. గోడలోని పాత వైరును, టీవీలో శబ్దాన్ని బయటికి పంపే ‘ఏఆర్‌సీ’ పోర్టు నుంచి ఆంప్లిఫయర్‌కి శబ్దం తెచ్చే పనికి వాడండి. శబ్దం బరువు తక్కువ, పాత వైరు మోసేస్తుంది.

శబ్దం ఆంప్లిఫయర్‌కి రావడం లేదు

ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టారా? చాలా టీవీలకి అది ఒక్కటే ఉంటుంది. టీవీలో సీఈసీ (పరికరాలు ఒకదానినొకటి నడిపించుకునే సెట్టింగు) ఆన్ చేయండి.

గోపాల్‌పూర్ ఉప్పు గాలికి పిన్నులు చిలుము పట్టడం, పిడుగుకి పోర్టు కాలిపోవడం, కాపీ రక్షణ గొడవలు, ఇవీ ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే అటు వెళ్ళండి.

కొత్త ఇల్లు కట్టేవాళ్ళు వైరు కంటే పైపు మీద డబ్బు పెట్టండి. 96 గిగాబిట్ల హెచ్‌డీఎంఐ 2.2 ప్రమాణం 2025లోనే వచ్చేసింది, దానికి తగ్గ వైరు ఇప్పుడే కొని గోడలో పాతిపెట్టే పని లేదు. మామూలు కరెంటు వైర్లకి వేసే 20, 25 ఎంఎం పైపుల్లో ప్లగ్గు మలుపు తిరగదు. 40 ఎంఎం పైన వేయించండి, మూలల్లో ఎల్బో కాకుండా పొడుగు బెండు పెట్టించండి, కరెంటు వైర్లు అందులో వద్దు. ప్లాస్టరింగు అయ్యేలోపు తర్వాత వైరు లాగడానికి లోపల ఒక నైలాన్ తాడు వదిలి, రెండు చివర్లూ ముడివేసి ఉంచండి.