కొండదారికీ బజారుకూ ఒకే జత: గాలి ఆడే మగవారి బూట్లను ఎంచుకోవడం ఎలా

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో ఉండే తెలుగువారికి బూట్లతో రెండు రకాల పని పడుతుంది. వారంలో ఎక్కువ రోజులు బడి, ఆఫీసు, దుకాణం, సంత. సెలవు దొరికినప్పుడో శివరాత్రికో మహేంద్రగిరి, చలికాలంలో దేవమాలి, ఏమీ లేకపోతే ఊరి వెనక కొండ మీదికి ఒక పూట నడక. రెండు పనులకూ రెండు జతలు కొనడం అందరికీ వీలు కాదు, అవసరమూ లేదు. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి 1,672 మీటర్లు. ఇవి మంచు కొండలు కావు కనుక, వీపున పెద్ద బరువు లేకుండా ఒక పూటలో వెళ్లి వచ్చే నడకకు చీలమండ దాటి పైకి వచ్చే బరువైన తోలు బూట్లు అక్కరలేదు. గాలి ఆడుతూ, తడిసినా త్వరగా ఆరుతూ, మడమను కదలనివ్వకుండా పట్టుకునే తేలికపాటి బూట్లు ఒక జత ఉంటే చాలు. ఇదివరకే చీలమండ బెణికి బలహీనపడినవారు మాత్రం కాస్త ఎత్తు పట్టీ ఉన్నవాటిని చూసుకోవడం మంచిది.

ముందుగా గాలి సంగతి. మన ప్రాంతంలో మార్చి నుంచి అక్టోబరు దాకా ఎండో, ఉక్కో, ముసురో ఏదో ఒకటి పాదాలను తడిపి పెడుతూనే ఉంటుంది. చెమట ఆరే దారి లేకపోతే చర్మం నాని మెత్తబడుతుంది. మెత్తబడిన చర్మం మీద మేజోడు ఒరుసుకుంటే బొబ్బ లేస్తుంది. రోజూ అదే జరిగితే వేళ్ల సందుల్లో పాచి, దురద మొదలవుతాయి. బూటు కరిచిందని చాలామంది దాని బిగువును తప్పుపడతారు గాని, లోపల తడి చేరకపోతే ఆ బిగువే అంతగా బాధించేది కాదు. అందుకే పైభాగం దేనితో చేశారన్నది మొదట చూడాలి.

వల నేత గుడ్డ, అంటే మెష్, ఉన్న బూట్లన్నీ గాలి ఆడతాయనుకోవడం పొరపాటు. చాలా చవక జతల్లో పైన వల కనిపిస్తుంది గాని దాని వెనక రెగ్జినో, మందపాటి స్పాంజి పొరో అతికించి ఉంటుంది. దుకాణంలోనే తేల్చుకోవచ్చు: బూటు లోపల చెయ్యి పెట్టి, వేళ్ల భాగాన్ని ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకుంటే వల కన్నుల గుండా వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపించాలి. వెలుతురు అసలు రాకపోతే పైభాగానికి నోరు ఆనించి ఊది చూడండి. లోపలి అరచేతికి ఊపిరి తగలకపోతే ఆ వల కేవలం అలంకారం. బయటి వైపు అతికించిన ప్లాస్టిక్ పట్టీలు, పెద్ద పెద్ద గుర్తులు కూడా గాలిని ఆపేవే కనుక, అవి ఎంత తక్కువగా ఉంటే అంత మేలు.

అలాగని మరీ వెడల్పు కన్నుల వల కూడా మన కొండలకు సరిపోదు. వానలు వెనుదిరిగాక కాలిబాటల పక్కన ఉత్తరేణి, ముళ్లగడ్డి మోకాలెత్తు పెరుగుతాయి. ఆ గింజలు వలలో ఇరుక్కుని లోపలి మేజోటిని పట్టుకుంటే నడుస్తున్నంతసేపూ గుచ్చుతూనే ఉంటాయి. ఎండాకాలంలో ఎర్రమట్టి దుమ్ము ఆ కన్నుల్లోంచే లోపలికి పోయి చెమటతో కలిసి పాదానికి గరుకు కాగితంలా రాసుకుంటుంది. కన్నులు సన్నగా ఉండి, గుడ్డ దగ్గరగా నేసి, వేళ్ల ముందు ఒక రబ్బరు అంచు ఉన్న బూటు నడిమార్గం. ఆ రబ్బరు అంచు రాళ్ల దెబ్బ నుంచి వేళ్లను కాపాడటమే కాక, పైగుడ్డ మొదట చిరిగే చోటును కూడా కాపాడుతుంది. కాన్వాసు గాలి ఆడనిస్తుంది గాని నీరు పీల్చి బరువెక్కి, ముసురు రోజుల్లో రెండు రోజులైనా ఆరదు. అసలైన తోలు చాలాకాలం మన్నుతుంది, కొంతవరకు చెమటనూ వదులుతుంది; కాని ఈ ఉక్కలో రోజంతా తొడుక్కోవడానికి బరువు. రెగ్జిను మాత్రం ఈ పనికి అసలు వద్దు.

నీరు చొరనివ్వని పొర ఉన్న బూట్లను అమ్మేవారు గట్టిగా సిఫారసు చేస్తారు, ధర కూడా ఎక్కువే. గోర్‌టెక్స్ వంటి ఆ పొరలు బయటి నీటిని ఆపి, లోపలి చెమట ఆవిరిని మాత్రం బయటికి పంపేలా తయారవుతాయి. ఆ ఆవిరి బయటికి పోవాలంటే బూటు లోపల వేడి, తేమ బయటికంటే బాగా ఎక్కువగా ఉండాలి. చలి ప్రదేశాల్లో ఆ తేడా ఎప్పుడూ ఉంటుంది. శ్రావణ మాసంలో బయటి గాలే తడితో బరువెక్కి ఉన్నప్పుడు ఆ తేడా దాదాపు పోతుంది, పాదం ఉడికిపోతుంది. పైగా మన దారుల్లో గెడ్డలు దాటక తప్పదు. చీలమండ దాకా నీరు వస్తే అది పైనుంచి బూటులోకి దిగుతుంది, దిగిన నీటిని బయటికి పోనివ్వకుండా ఆపేది కూడా ఆ పొరే. తడవకుండా ఉండటం కంటే తడిసినా తొందరగా ఆరడం మనకు ముఖ్యం. పుష్య మాసంలో కోరాపుట్ కొండల మీద మంచు పట్టిన గడ్డిలో తెల్లవారుజామున నడిచే అలవాటున్నవారికి మాత్రం ఆ పొర నిజంగా ఉపయోగపడుతుంది.

ఇక కొలత. ఎంత మంచి గుడ్డ అయినా, ఎంత పేరున్న కంపెనీ అయినా, కొలత కుదరకపోతే ఆ డబ్బు వృథా. సాయంత్రం వేళ, కొంత నడిచిన తరువాత కొలుచుకోవాలి. పగలంతా నిలబడిన పాదం పొద్దుటికంటే కొంచెం ఉబ్బుతుంది, కొండ ఎక్కేటప్పుడూ అలాగే ఉబ్బుతుంది. నేల మీద కాగితం పరిచి, మడమను గోడకు ఆనించి నిలబడి, అన్నిటికంటే పొడుగైన వేలి దగ్గర గీత గీయమని ఇంట్లో ఎవరినైనా అడగండి. మనమే వంగి గీసుకుంటే పాదం మీది బరువు కదిలి కొలత తప్పుతుంది. చాలామందికి రెండు పాదాలూ సమానంగా ఉండవు కనుక రెండూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కొందరికి బొటనవేలి కంటే దాని పక్క వేలు పొడుగు. అప్పుడు ఆ వేలే ప్రమాణం.

పెట్టె మీద ఉండే అంకెలు కంపెనీకీ కంపెనీకీ ఒకేలా పనిచేయవు. బ్రిటిష్ పద్ధతిలో ఒక సైజుకూ తరువాతి సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు, యూరప్ పద్ధతిలో ఆ తేడా సుమారు 6.7 మిల్లీమీటర్లు. కాబట్టి “నాది ఎనిమిది” అని అడగడం కంటే, బూటు నాలుక (లేసుల కింది పట్టీ) లోపలి చీటీ మీద సెంటీమీటర్లలో ముద్రించిన పొడవును మీ కాగితం మీది గీతతో పోల్చుకోవడం నమ్మకమైన పని. ముందు భాగంలో బొటనవేలి గోరు వెడల్పంత, అంటే ఒక సెంటీమీటరుకు కొంచెం అటూఇటూగా ఖాళీ ఉండాలి. దిగుడు దారిలో పాదం ముందుకు జారుతుంది. ఆ ఖాళీ లేకపోతే గోళ్లు బూటు ముక్కుకు కొట్టుకుని నల్లబడతాయి.

పొడవు కంటే వెడల్పు దగ్గరే మనవాళ్లకు ఇబ్బంది వస్తుంది. చిన్నప్పుడు ఉత్తి కాళ్లతోనూ, పెద్దయ్యాక చెప్పులతోనూ తిరిగిన పాదాల్లో వేళ్లు బాగా విచ్చుకుని ఉంటాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్షకు పైగా మంది పాదాలను కొలిచి చూసినప్పుడు, భారతీయుల పాదాలు పాశ్చాత్యుల పాదాల కంటే వెడల్పుగా ఉన్నాయని తేలింది. మన పాదాలకు తగిన సైజు పద్ధతిని ‘భ’ అనే పేరుతో ప్రతిపాదించడానికి ఈ కొలతలే ఆధారం. అది అంగళ్లలోకి పూర్తిగా వచ్చేదాకా మనమే జాగ్రత్త పడాలి. వెడల్పు చాలక ఒక సైజు పెద్దది కొనేవారు చాలామంది ఉన్నారు. దానివల్ల మడమ వదులై ప్రతి అడుగుకూ పైకి లేస్తుంది, మళ్లీ బొబ్బలే. సైజు పెంచే బదులు వెడల్పు రకం అడగాలి, లేదా ముక్కు భాగం గుండ్రంగా, విశాలంగా ఉన్న వేరే నమూనా చూడాలి. తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది: బూటు లోపలి మెత్తను బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. చిటికెన వేలు గాని, బొటనవేలి మొదట్లోని కణుపు గాని మెత్త అంచు దాటి బయటికి వస్తే, ఆ బూటు ఎంత నచ్చినా పక్కన పెట్టేయండి.

తరువాత మేజోళ్లతో సహా రెండు కాళ్లకూ తొడిగి, లేసులు పూర్తిగా కట్టి, దుకాణంలో పది నిమిషాలు తిరగండి. మెట్లు ఉంటే దిగి చూడండి. ముక్కును నేలకు రెండుసార్లు తట్టి చూడండి. వేళ్లు ముందు తగలకూడదు, మడమ వెనక లేవకూడదు. “వాడగా వాడగా సర్దుకుంటుంది” అని దుకాణదారు చెప్పే మాట తోలు విషయంలో కొంతవరకు నిజం; మెష్ బూటు మొదటి రోజు ఎక్కడ నొక్కితే ఏడాది తరువాతా అక్కడే నొక్కుతుంది. ఆన్‌లైన్‌లో కొనేవారు వాపసు గడువు చూసుకుని, సాయంత్రం పూట ఇంట్లో శుభ్రమైన గచ్చు మీద ఈ పరీక్షలన్నీ చేయవచ్చు.

అట్ట, అంటే బూటు అడుగు (సోల్) విషయానికి వస్తే, రెండు చేతులతో మడమనూ ముక్కునూ పట్టి వంచినప్పుడు బూటు వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. నడుమ దగ్గర మడత పడితే అది రాళ్ల దారికి పనికిరాదు. తడిబట్టను పిండినట్టు మెలితిప్పినప్పుడు కొంత ఎదురు తిరగాలి. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కితే గట్టిగా తగలాలి. అడుగున గాడులు మూడు, నాలుగు మిల్లీమీటర్ల లోతు ఉంటే ఎర్ర గరప నేల మీద పట్టు దొరుకుతుంది. అంతకంటే లోతైనవి సిమెంటు రోడ్ల మీద త్వరగా అరుగుతాయి, బురదను ఇంటి దాకా మోసుకొస్తాయి. గాడుల మధ్య దూరం ఉంటే బంకమట్టి తనంత తానే రాలిపోతుంది. గోటితో నొక్కితే కొంచెం దిగి మళ్లీ పైకి లేచే రబ్బరు తడి గచ్చు మీద కూడా పట్టు వదలదు, గట్టి ప్లాస్టిక్ అట్ట జారుతుంది. గెడ్డల్లో పాకుడు పట్టిన బండల మీద మాత్రం ఏ అట్టనూ నమ్మవద్దు; అక్కడ కర్ర ఊతం తీసుకుని, బండ పక్కన ఇసుకలోనో గులకల్లోనో అడుగు వేయాలి.

రంగు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎర్రమట్టి మరక కనిపించని బూడిద రంగో, గోధుమ రంగో అయితే మర్నాడు ఆఫీసుకు కూడా వేసుకుపోవచ్చు.

మేజోళ్లు నూలువి వద్దు. నూలు చెమటను పట్టి ఉంచుతుంది; నైలాను, పాలిస్టరు కలిసినవో, సన్నని ఉన్ని కలిసినవో తడిని బయటికి తోస్తాయి. ఒక జత అదనంగా సంచిలో పెట్టుకుని, గెడ్డ దాటాక మార్చుకుంటే మిగతా దారి హాయిగా సాగుతుంది. గుడి గుడికీ బూట్లు విప్పాల్సిన ప్రాంతం మనది కనుక, మడమ వెనక పట్టుకుని లాగే గుడ్డ ఉంగరం ఉన్న నమూనా తీసుకోండి. లేసు విప్పకుండా మడమను తొక్కి తొడిగే అలవాటు ఉంటే మానుకోవాలి; మడమ భాగం ఒకసారి నలిగిందంటే ఆ బూటు కొండకు పనికిరాదు. దిగుడుకు ముందు లేసులను పై రంధ్రాల దగ్గర మరికొంచెం బిగించి కట్టుకోవాలి.

తడిసిన బూట్లను పొయ్యి పక్కనా, మండుటెండలోనా పెడితే జిగురు వదులుతుంది. లోపలి మెత్త బయటికి తీసి, పాత వార్తాపత్రిక ఉండలు కుక్కి, ఫ్యాను గాలికి పెట్టి, కాగితం తడిసినప్పుడల్లా మార్చితే మర్నాటికి ఆరతాయి. వానాకాలంలో అరుగు మీద వదిలిన బూట్లను తొడిగే ముందు తలకిందులు చేసి గట్టిగా తట్టండి. తేళ్లు, జెర్రులు తలదాచుకోవడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. మధుమేహం ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు కనుక, తొడిగే ముందు లోపల చేత్తో తడిమి చూడటం, విప్పాక అరికాళ్లను పరీక్షించుకోవడం ప్రతిరోజూ తప్పనిసరి. కొత్త జతతో నేరుగా కొండ ఎక్కకుండా వారం రోజులు బజారుకూ పనికీ వేసుకుని తిరగాలి.

ఎప్పుడు మార్చాలన్నది అట్ట చెబుతుంది. మడమ దగ్గర గాడులు ఒక పక్కకు అరిగి నున్నబడినా, పక్కనుంచి చూసినప్పుడు మధ్య స్పాంజిలో నిలువెల్లా ముడతలు కనిపించినా, రాయి మీద అడుగు వేస్తే అరికాలికి దాని మొన తెలుస్తున్నా ఆ జతను కొండకు తీసుకుపోకండి. పాలీయురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ స్పాంజితో చేసిన మధ్య అట్ట ఉన్న బూట్లు వాడకుండా బీరువాలో దాచినా కొన్నేళ్ల తేమకు లోపలే పొడిపొడిగా విడిపోతాయి; అందుకే తగ్గింపు ధరకు దొరికిందని నిల్వ సరుకు కొనేటప్పుడు పెట్టె మీద తయారీ తేదీ చూసి, అట్ట అంచును వేలితో గట్టిగా నొక్కి, పెచ్చు ఊడటం లేదని నిర్ధారించుకున్నాకే డబ్బు చెల్లించండి.